వెలి, నీళ్ళు, తలకొరివి: మద్రాసు తెలుగు ఇళ్ళలో మతభేదం

మద్రాసు తెలుగువారి చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా కంపెనీ దుబాసీలతో మొదలుపెట్టి అచ్చుకూటాలతో, సభలతో ముగించడం అలవాటు. ఇళ్ళ లోపల జరిగినది ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. ఇంట్లో ఒకరు మతం మారినప్పుడు ఆ ఇల్లు సరిగ్గా ఎక్కడ విడిపోయింది? ఈ చిన్న వ్యాసంలో ఆ ఒక్క ప్రశ్ననే పరిశీలించదలచాము.

తమిళంలో వణ్ణారపేట అని పిలిచే వాషర్‌మెన్‌పేట్ ఉత్తర మద్రాసులో ఉంది. ఈస్టిండియా కంపెనీ ఎగుమతి చేసే బట్టను ఉతికి తెల్లబరిచే చాకలివారిని బట్టి ఆ పేరు వచ్చింది. బట్టతో ముడిపడిన ఈ పేటలో తెలుగు నేత కుటుంబాలు కూడా స్థిరపడ్డాయి. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852-1925) ఇక్కడి తెలుగు దేవాంగుడే. ఈ పేటకు దక్షిణాన ఉన్న జార్జ్ టౌన్‌ను పూర్వం బ్లాక్ టౌన్ అనేవారు. మేము చెప్పబోయే వివాదం రాజుకున్నది అక్కడ.

స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసు వచ్చి ఒక ఇంగ్లీషు బడి నడిపాడు. తరువాతి కాలపు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి మూలం అదే. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి గనుక హిందూ కుటుంబాలు పిల్లల్ని ఆ బడికి పంపాయి. 1841లో రాజగోపాల్, వెంకటరామయ్య, ఎత్తిరాజులు అనే విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ యువకులు మిషనరీ ఇంట్లోనే ఉండిపోయారు. ఒక సంగతి గమనించాలి. బైబిలు పాఠం ఆ బడిలో అంతకుముందు కూడా రోజూ జరిగేది. తల్లిదండ్రులకు అది తెలియనిది కాదు. పిల్లవాడు ఏం వింటున్నాడన్నది వాళ్ళు కొంతవరకు సహించగలిగారు. మరొకరి ఇంట కూర్చుని అన్నం తిన్నాక, తిరిగి తమ పంక్తిలోకి రానివ్వడం మాత్రం వాళ్ళకు సాధ్యం కాలేదు.

తెలుగు మాటలు కూడా ఇదే చెబుతాయి. మతం మారినవాణ్ణి మన పల్లెల్లో ఫలానా మతంలో "కలిశాడు" అంటారు. నమ్మకం మారిందనే అర్థం ఆ మాటలో లేదు. ఇంకొకరితో పొత్తు కుదిరిందన్న అర్థమే ఉంది. "వెలి" అంటే బయట. వెలుపల అన్న మాటలో ఉన్నదీ అదే. వెలివేసిన ఇంటికి నిప్పు, నీరు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగిపోయేవి.

ధర్మశాస్త్రాల్లో ఘటశ్రాద్ధం అనే క్రియ ఉంది. పతితుడైనవాడు బతికి ఉండగానే జ్ఞాతులు కర్మ జరిపేవారు. దాసి నీళ్ళ కుండను కాలితో తన్నేది. దానితో అతడు బంధువులకు చనిపోయినట్టే. ఇవాళ మనం "ఆ డబ్బుకు నీళ్ళొదిలేశాం" అన్నా, పత్రికలు "సిద్ధాంతాలకు తిలోదకాలిచ్చారు" అని రాసినా, ఆ మాటలు వచ్చింది ఇలాంటి శ్రాద్ధకర్మల నుంచే. అదే శాస్త్రాల్లో తిరుగుదారి కూడా ఉంది: ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడితో జ్ఞాతులు కలిసి స్నానం చేసి, కొత్త కుండను నీళ్ళలో వదలాలి. పోవడానికీ రావడానికీ గుర్తు ఆ నీళ్ళే.

ఇక్కడ ఆస్తి ప్రశ్న వస్తుంది. తలకొరివి పెట్టి పిండం వేసేవాడు కొడుకు. ఆస్తి తీసుకునేవాడూ అతడే. కర్మ చేయనివాడికి భాగం ఎలా ఇస్తారు? మతం మారినా వారసత్వం పోదన్న ప్రతిపాదన 1845లో ప్రభుత్వ ముసాయిదాలో కనిపించగానే మద్రాసు, కలకత్తా హిందువులు మహజర్లు పంపారు. ఆ కాలంలో మద్రాసు హిందువుల పక్షాన గట్టిగా నిలిచినవాడు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806-1868). ఆయన 1844లో "క్రెసెంట్" పత్రిక స్థాపించాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పాటుకు నాయకత్వం వహించాడు. మద్రాసులో రాజకీయ సంఘాల చరిత్ర ఆయనతో మొదలవుతుందని చెప్పుకుంటాం. ఆ రాజకీయానికి ఊపిరి పోసిన భయాల్లో ఇంటి కొడుకు చేజారిపోతాడన్న భయం కూడా ఒకటని మా అభిప్రాయం.

అభ్యంతరాలు ఆగలేదు, చట్టమూ ఆగలేదు. 1832లో బెంగాలుకు చేసిన నియమాన్ని 1850 నాటి 21వ చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ వర్తింపజేసింది. మతం మారినందుకు, వెలి పడినందుకు ఎవరి ఆస్తిహక్కూ పోకూడదన్నది దాని సారం. 1866లో మరో చట్టం వచ్చింది. క్రైస్తవంలోకి మారినవారిని భార్యగాని భర్తగాని ఆ కారణంగా ఆరు నెలలు వదిలి ఉంటే, మారినవారు కోర్టుకు వెళ్ళవచ్చు. అయితే కోర్టు వెంటనే వివాహాన్ని రద్దు చేయకూడదు. ఒక ఏడాది గడువిచ్చి, వదిలి ఉన్నవారిని మళ్ళీ అడగాలి. మనసు మారడానికి కాలం పడుతుందని చట్టం రాసినవారు కూడా గుర్తించారన్నమాట.

తగాదా రెండు మతాల మధ్యనే రావాలని లేదు. తెలుగు, కన్నడాలు కలిసి వినిపించే బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవ వ్యాపారి 1842లో చనిపోయాడు. ఉమ్మడి కుటుంబం కనుక తనకూ భాగం ఉందని తమ్ముడు ఫ్రాన్సిస్ అన్నాడు. లేదని భార్య షార్లెట్ అన్నది. పూర్వీకులు హిందువులైన క్రైస్తవ కుటుంబానికి ఏ ధర్మం వర్తిస్తుంది? 1863లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది: మతం మారినవాడు పాత ఆచారాన్ని విడిచిపెట్టనూ వచ్చు, ఉంచుకోనూ వచ్చు, ఏది చేశాడో అతని నడవడిని బట్టి తెలుసుకోవాలి. కాబట్టి మాథ్యూ ఏ దుస్తులు వేసుకున్నాడు, ఎలాంటి అలవాట్లతో సంసారం చేశాడు అన్నవే సాక్ష్యమయ్యాయి. హిందూ ఉమ్మడి కుటుంబ నియమం ఆయన ఆస్తికి వర్తించదని తేలింది. బ్లాక్ టౌన్ తల్లిదండ్రులు మతాన్ని విస్తరి దగ్గర గుర్తించినట్టే, లండన్ న్యాయమూర్తులూ దాన్ని ఇంటి అలవాట్లలో వెతికారు.

స్వాతంత్ర్యం తరువాత కూడా ఈ ముడి పూర్తిగా విడలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మతం మారిన తరువాత పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం లేదు. వారసత్వం వచ్చే నాటికి వాళ్ళు హిందువులై ఉంటే తప్ప. అప్పటికే తాత గడప దాటి రాని మనుమలు చాలామందికి ఈ సెక్షన్ కొత్తగా తీసివేసినది బహుశా ఏమీ ఉండదు.

కొలవదగిన దాన్ని, అంటే పొలాన్ని, ఇంటిని, నగలను, 1850 చట్టం కొడుక్కి తిరిగి ఇప్పించగలిగింది. పీట వేసి అన్నం వడ్డించమని తల్లిని, తలకొరివి పెట్టనివ్వమని జ్ఞాతులను అది ఆజ్ఞాపించలేదు. ఆజ్ఞాపించినా జరిగేది కాదు. అందువల్ల ఈ చరిత్రకు కోర్టు దస్తావేజులు మాత్రమే చాలవు. ఆంధ్రదేశానికి దూరంగా పెరిగిన మా విద్యార్థుల ఇళ్ళలోనూ పేరెత్తని పెదనాన్నో, ఫోటోలో లేని మేనత్తో ఉండవచ్చు. వాళ్ళ గురించి పెద్దలను అడిగేటప్పుడు ఏ దేవుణ్ణి కొలిచారని కాకుండా, చివరిసారి ఎవరి ఇంట భోజనం చేశారని, ఎవరు ఎవరి చావుకు వెళ్ళలేదని అడగండి. జవాబు అక్కడ దొరుకుతుంది. అది చెప్పేవాళ్ళు ఉండగానే రాసి పెట్టుకోవడం అవసరం.