నల్లమల ఘాట్‌లో సిగ్నల్ పోతే... కార్లో ఏఎం రేడియో ఇంకా కావాలా?

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు వెళ్తుంటే, నల్లమల ఘాట్ ఎక్కాక ఫోన్లో గీతలు ఒక్కొక్కటే పోతాయి. పాట ఆగిపోతుంది, మ్యాప్ తిరుగుతూనే ఉంటుంది. "ఏఎం రేడియో ఇప్పుడెవడికి కావాలి బ్రో" అనేవాళ్లకి నేను చూపించేది ఈ రోడ్డే.

కొంచెం వెనక్కి వెళ్దాం. గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో ప్రకాశం అయింది. మన ఫైళ్లు ఒంగోలుకి పోయాయి సరే, రేడియోకి కలెక్టరాఫీసుతో పనేముంది? ఆకాశవాణి విజయవాడ 1948లో మొదలైంది, కడప 1963లో. గాల్లో కొలిస్తే గిద్దలూరుకి కడప దాదాపు 100 కిలోమీటర్లు, విజయవాడ 200 పైనే.

కడప మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. అంటే ఒక్కో అల పొడవు 333 మీటర్లు. ఎఫ్ఎం అల మూడు మీటర్లే, కొండ అడ్డొస్తే చాలావరకు అక్కడితో సరి. పొడుగాటి అల మాత్రం నేలని పట్టుకుని గుట్టల మీదుగా వంగి వస్తుంది. రాత్రయితే ఇంకో తమాషా. పగలు ఎండకి పైన ఏర్పడి ఈ అలల్ని మింగేసే పొర, చీకటి పడగానే మాయమవుతుంది. అప్పుడు అల ఇంకా పైపొరకి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మార్కాపురం పలకల లోడుతో రాత్రి పోయే లారీలో తమిళం, కన్నడం కూడా గరగరమంటూ పలికేది ఇందుకే.

సౌండ్ క్వాలిటీ అంటారా, బాగోదు. మెరుపు మెరిసినా గర్రుమంటుంది. ఎలక్ట్రిక్ కార్లలో మోటార్ కంట్రోలర్ల గోల ఇంకా ఎక్కువ, అందుకే కొన్ని కంపెనీలు వాటిలో ఏఎం తీసేశాయి. అమెరికాలో ఫోర్డ్ కూడా 2024 మోడళ్ల నుంచి తీసేస్తామని, 2023 మేలో వెనక్కి తగ్గింది. తుఫానుకి సెల్ టవర్లు పడిపోతే హెచ్చరిక ఎలా చేరుతుందని అక్కడ గొడవైంది, ప్రతి బండిలో ఏఎం ఉండాలని బిల్లు కూడా పెట్టారు.

మన దగ్గర మూత పడుతోంది టవర్ దగ్గరే. ప్రసార భారతి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు చాలావాటిని ఆపేసి ఎఫ్ఎంకి మారుతోంది. ఊళ్లో ఉండేవాళ్లకి మంచిదే. వానకి ఘాట్‌లో కొండచరియ జారితే, ఆ సంగతి ముందే తెలియాల్సిన డ్రైవరుకే నష్టం. నా లెక్కలో పాటలకి ఏఎం పని అయిపోయింది. డేటా లేకుండా, ఒకే మాటని వేల బండ్లకి ఒకేసారి చేర్చడంలో మాత్రం దానికి సాటి నాకు కనపడలేదు.

ఈసారి ఘాట్ ఎక్కేముందు మీ కార్లో బ్యాండ్ బటన్ నొక్కి చూడండి. చాలా కొత్త స్టీరియోల్లో ఏఎం అసలు లేదు, కొనేటప్పుడు షోరూంలో ఎవరూ ఆ ముక్క చెప్పరు.