చేతితో చేసిన శుభాకాంక్ష

ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పూసి ఉంటే, విప్పకముందే అందులో శుభవార్త ఉన్నదని తెలుగు ఇంటివారు గ్రహించేవారు. పెండ్లి శుభలేఖకు నేటికీ ఆ పసుపు తప్పదు. ఎంత ఖరీదైన కాగితంపై అచ్చు వేయించినా, ఇంటికి తెచ్చిన తరువాత పెద్దవారెవరో వేలితో పసుపు కుంకుమలు అద్దితేనే అది శుభలేఖ అవుతుంది. యంత్రం తయారుచేసిన పత్రానికి మనిషి చేయి తగలాలన్న ఈ భావన గ్రీటింగు కార్డు చరిత్ర పొడవునా కనిపిస్తుంది. కౌమార వయసులోని పిల్లలు కార్డులను స్వయంగా తయారుచేసి ఇచ్చే అలవాటును ఆ చరిత్రలో ఉంచి చూస్తే, అది సెలవు రోజుల కాలక్షేపం మాత్రమే కాదని తెలుస్తుంది.

ముద్రిత గ్రీటింగు కార్డుకు దారి చూపినది తపాలా సంస్కరణ. బ్రిటన్‌లో 1840లో దూరంతో నిమిత్తం లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ సంస్కరణ కోసం పాటుపడిన వారిలో ఒకరైన హెన్రీ కోల్, 1843లో క్రిస్మస్ శుభాకాంక్షలు పంపడానికి చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత ఒక బొమ్మ గీయించాడు. దానిని సుమారు వెయ్యి ప్రతులు అచ్చు వేయించి, ఒక్కొక్కటి ఒక షిల్లింగు చొప్పున అమ్మకానికి కూడా పెట్టించాడు. మొట్టమొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డుగా పేరొందిన ఈ కార్డు విషయంలో ఒక సంగతి గమనార్హం. అచ్చులో పడినవి గీతలు మాత్రమే. రంగులు చేతితో వేసినవి. పంపేవారి పేరు, అందుకొనేవారి పేరు రాయడానికి అందులో ఖాళీ విడిచిపెట్టారు. అంటే యంత్రపు కార్డు పుట్టిననాడే చేతికి కొంత చోటు మిగిల్చింది.

అమెరికాలో ఈ చరిత్రకు నాంది పలికినది కౌమారం దాటీ దాటని ఒక విద్యార్థిని. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణానికి చెందిన ఎస్తర్ హౌలండ్ 1847లో, తన పంతొమ్మిదో ఏట, మౌంట్ హోల్యోక్‌లో చదువు ముగించుకొని ఇంటికి వచ్చింది. తండ్రిది కాగితాల దుకాణం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక వాలెంటైన్ కార్డును చూసి, ఇటువంటివి తానూ చేయగలనని ఆమె లేసు కాగితం, రంగుకాగితాలు తెప్పించి కొన్ని నమూనాలు చేసింది. దుకాణం పనిమీద ఊళ్లు తిరిగే సోదరుడు వాటిని వెంట తీసుకువెళ్లాడు. రెండు వందల డాలర్ల బేరం వస్తే చాలుననుకున్న ఆమెకు ఐదు వేల డాలర్ల బేరం వచ్చిందని చెబుతారు. ఆమె స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి పని పంచింది. ఒకరు కత్తిరించేవారు, ఒకరు పేర్చేవారు, మరొకరు అతికించేవారు. చేతిపనిలో నేర్పు ఉన్న ఆడపిల్లలు సంపాదించగలరని నిరూపించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. తరువాత, 1870ల దశకంలో, బోస్టన్ నగరంలో లూయీ ప్రాంగ్ వంటివారు అనేక రంగుల రాతి అచ్చును అభివృద్ధి చేయడంతో కార్డుపై రంగు వేసే చేయి అవసరం తగ్గిపోయింది.

భారతదేశంలో కాలణా పోస్టు కార్డు 1879 జూలై 1న వచ్చింది. పేదవాని చేతికి అందిన ఈ చిన్న అట్టముక్కను కళాఖండంగా మార్చినవారు శాంతినికేతన్‌లోని నందలాల్ బోస్. 1882 డిసెంబర్ 3న జన్మించిన ఈ మహాచిత్రకారుడు శిష్యులకు, బంధుమిత్రులకు పోస్టు కార్డుల మీద బొమ్మలు గీసి పంపేవారు. చెట్టు, మేక, బాటసారి వంటి కంటికి కనిపించిన సామాన్య దృశ్యమే ఆ బొమ్మకు వస్తువు. ఆయన జన్మదినానికి ముందు రెండు రోజులు, డిసెంబర్ 1, 2 తేదీలలో, కళాభవన్‌లో జరిగే నందన్ మేళాలో విద్యార్థులు తాము చేసిన కార్డులను, ఇతర కళావస్తువులను అమ్మి, ఆ సొమ్మును విద్యార్థుల సహాయనిధికి ఇచ్చే సంప్రదాయం ఏర్పడింది. గురువు ఉచితంగా పంచిన అలవాటు శిష్యుల చేతిలో తోటివారిని ఆదుకొనే సాధనమైంది.

చేతిపనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదనడానికి మరొక నిదర్శనం 1949లో లభించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో నలిగిపోయిన చెకొస్లొవేకియాలో, యునిసెఫ్ సహాయం అందుకొన్న ఒక గ్రామంలోని ఏడేళ్ల బాలిక కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరకని రోజులవి. అందుచేత గాజుపలకపై వేసింది. ఆ బొమ్మే యునిసెఫ్ సంస్థ మొట్టమొదటి గ్రీటింగు కార్డు అయింది. ఒక పసిపిల్ల చెప్పిన కృతజ్ఞత ప్రపంచమంతటా పిల్లల సహాయానికి నిధులు కూర్చే కార్యక్రమానికి శ్రీకారం చుట్టింది.

మన పాఠశాలలలోకి చేతిపని ప్రవేశించడం వెనుక విద్యావేత్తల దీర్ఘమైన ఆలోచన ఉన్నది. 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న గాంధీజీ నయీ తాలీం చదువుకు వృత్తిపనిని కేంద్రంగా నిలిపింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని విద్యలో భాగం చేయాలన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజోపయోగకరమైన ఉత్పాదక కృషి అనే పాఠ్యాంశాన్ని సూచించింది. పెద్ద పరికరాలు, వర్క్‌షాపు లేని పాఠశాలలో ఆ పీరియడుకు ఉపాధ్యాయులు ఎంచుకోగల సులభమైన పనులలో గ్రీటింగు కార్డు ఒకటి. ఒక డ్రాయింగ్ షీటు, ఒక కత్తెర, కొంచెం మైదా జిగురు ఉంటే నలభై మంది పిల్లలకు పని దొరుకుతుంది.

అందులోని పనితనం మాత్రం చిన్నది కాదు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. రంగులో ముంచిన దారాన్ని రెండు మడతల మధ్య ఉంచి లాగితే రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వంటి ఆకృతి వస్తుంది. వేపరెమ్మను అట్టమీద పరచి, పాత పళ్లబ్రష్షుతో రంగు చిలకరించి, రెమ్మను తీస్తే దాని నీడ తెల్లగా మిగులుతుంది. పెన్సిలు చెక్కిన పొట్టు పూలరేకు అవుతుంది; లావు పుస్తకంలో నొక్కి ఎండబెట్టిన ఆకు అలంకారమవుతుంది. దళసరి కాగితానికి పీచు ఒక దిశలో ఉంటుంది. ఆ దిశకు అనుగుణంగా, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా గీటు పెట్టి మడిస్తే మడత పగలదు. ఈ ఒక్క మెలకువ తెలిసిన విద్యార్థి వస్తువు స్వభావాన్ని గౌరవించడం నేర్చుకొన్నట్లే.

తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ పని మరొక ప్రయోజనం నెరవేర్చింది. సంక్రాంతి, పొంగల్ ఒకే పండుగ. గత శతాబ్దపు చివరి దశకాలలో పొంగల్ వచ్చిందంటే ఇక్కడి వీధి దుకాణాలు రంగురంగుల కార్డులతో నిండిపోయేవి. చెరకు గడలు, పొంగిన కుండ, ఎద్దులు, దేవతామూర్తులు, సినిమా తారలు వాటిపై కొలువుదీరేవారు. శివకాశి ముద్రణాలయాలు పండుగ ముందు ఊపిరి సలపనంత పనిలో ఉండేవి. 1979లో ఢిల్లీలో మొదలైన ఆర్చీస్ వంటి సంస్థల కార్డులు పెద్ద పట్టణాలలో ఇంగ్లీషు శుభాకాంక్షలను తెచ్చాయి. కవరు అంటించకుండా మూతను లోపలికి దోపి బుక్‌పోస్టులో పంపితే తపాలా ఖర్చు తగ్గేది. అన్నీ ఉన్నాయి గాని, నెల్లూరులోనో చిత్తూరులోనో ఉన్న అమ్మమ్మ చదవగల అక్షరాలున్న కార్డు ఈ దుకాణాలలో దొరకడం అరుదు. తెలుగులో శుభాకాంక్ష చెప్పదలచిన పిల్లవానికి మిగిలిన మార్గం ఒక్కటే: తానే గీయాలి, తానే రాయాలి.

అచ్చు కార్డులో వాక్యం సిద్ధంగా ఉంటుంది. కింద సంతకం చేస్తే సరిపోతుంది. చేతి కార్డు లోపలి పుట తెల్లగా ఉంటుంది. ఆ తెల్లదనమే కౌమార వయస్కుడికి పరీక్ష. చిన్ననాడు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి ముద్దుమాటలు చెప్పిన బిడ్డ పద్నాలుగో ఏట ఆమె ఎదుట నోరు విప్పడానికి సిగ్గుపడతాడు. స్నేహితురాలితో మాటా మాటా వచ్చి దూరమైన పిల్ల క్షమించమని నేరుగా అడగలేదు. వారి మనసులో భావం కొరవడలేదు. దానిని చెప్పే వీలు కొరవడింది. కార్డు ఆ వీలు కల్పిస్తుంది. బొమ్మ వేస్తున్నంతసేపూ ఏమి రాయాలో ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఎదుటివారు చదివేటప్పుడు అక్కడ నిలబడి ఉండనవసరం లేదు.

ఉపాధ్యాయ దినోత్సవం నాటి కార్డులు ఈ కోవలోనివే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ తిరుత్తణి 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆయన రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆ జన్మదినం దేశమంతటా ఉపాధ్యాయ దినోత్సవమైంది. తెలుగు మాధ్యమ పాఠశాలలో ఆనాడు గురువుకు అందే చేతికార్డులో ఒత్తులు తప్పిపోవచ్చు, దీర్ఘం జారిపోవచ్చు. కాని ఆ వాక్యం మార్కుల కోసం రాసినది కాదు. నల్లబల్ల మీది పాఠాన్ని ఎక్కించుకొన్నది కూడా కాదు. పిల్లవాడు తనంతట తాను తెలుగులో ఆలోచించి రాసిన మాట అది.

అక్షరానికి అందం ఉన్నదని కూడా ఈ పనిలోనే తెలుస్తుంది. తెలుగు లిపి వంపుల లిపి, బ్రష్షుకు ఒదుగుతుంది. చెన్నైలో జీవించి, అక్కడే 2014లో కన్నుమూసిన బాపు చేతిరాత కంప్యూటర్ ఖతిగా సైతం స్థిరపడింది. ఒక వ్యక్తి దస్తూరీకి జాతి అంతా మురిసిపోవడం సామాన్య విషయం కాదు. ఆ రాతను అనుకరిస్తూ ‘శుభాకాంక్షలు’ అని కార్డుపై దిద్దిన పిల్లలు, తెలియకుండానే లిపి కళకు వారసులయ్యారు.

కాలం మారింది. 1992 డిసెంబర్ 3న ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ సందేశం వెళ్లింది. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్షే. పోస్టు కార్డులపై బొమ్మలు గీసిన నందలాల్ జన్మదినం కూడా అదే తేదీ కావడం యాదృచ్ఛికం. ఆ తరువాత చేతిఫోనులోకి బొమ్మలు, పాటలు వచ్చాయి. పొంగల్ కార్డుల దుకాణాలు పలచబడ్డాయి. మరోవైపు, 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలలలో ఒకటో తరగతి మొదలుకొని దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. నివసించే నేల భాషను నేర్వడం బాధ్యతే, భాగ్యమే. అయితే తెలుగు చదివే పీరియడ్లు తగ్గినచోట, తెలుగు రాసే సందర్భాలను ఇంటివారూ ఉపాధ్యాయులూ వెతికి కల్పించవలసి ఉంటుంది. ఫోనులో వచ్చిన సందేశాన్ని వేరొకరికి పంపడానికి లిపి రానవసరం లేదు. కార్డు రాయడానికి లిపి రావాలి.

పాఠశాల డెబ్బై అయిదేళ్ల చరిత్రను రాయబూనిన వారికి హాజరు పట్టీలు దొరుకుతాయి. మార్కుల రిజిస్టర్లు, ఫలితాల శాతాలు దొరుకుతాయి. విద్యార్థులు తమ ఇష్టంతో రాసిన తెలుగు వాక్యాలు ఏ బీరువాలోనూ దొరకవు. అవి పూర్వ విద్యార్థుల ఇళ్లలో, పెట్టెల అడుగున, పాత పుస్తకాల నడుమ ఉన్నాయి. రంగు వెలిసిన బెండకాయ పువ్వు, పెచ్చులూడిన చమ్కీ, వంకరపోయిన ‘క్ష’ – ఇవి చారిత్రక ఆధారాలని ఎవరూ అనుకోరు. వాటిని పారవేయకుండా పాఠశాలకు చూపించగలిగితే, ఇక్కడి పిల్లలు తెలుగును ఏ ప్రేమతో వాడుకొన్నారో రాబోయే తరం స్వయంగా చదువుకొంటుంది. ఇంట్లో పిల్లలున్నవారు ఈ సంక్రాంతికి ఒక డ్రాయింగ్ షీటు తెచ్చి నాలుగుగా మడిచి ఇస్తే, ఆ పెట్టెలోకి మరొక కార్డు చేరుతుంది.