సీటు కోసం ఊరు దాటిన చదువులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పెద్ద చదువుకు సీటు సంపాదించడమంటే మొదటి నుంచీ ఊరు దాటడమే. అమెరికాలో పిల్లవాడు వ్యాసం రాస్తాడు, ఆటలూ సేవా కార్యక్రమాలూ చూపిస్తాడు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు జతచేస్తాడు. ఇక్కడ సీటును తేల్చేవి పరీక్షలో ర్యాంకు, చేతిలో స్టడీ సర్టిఫికెట్లు. అందుకే పిల్లవాణ్ని ఏ వయసులో ఎక్కడికి పంపాలన్నదే ఇంటిల్లిపాదికీ అసలు ప్రశ్న అయింది.

నిజాం కాలంలో మొదటి అడ్డంకి భాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించేది. ఇంగ్లీషులో చదవాలంటే మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచిన నిజాం కాలేజీ ఉండేది. ఇంట్లో తెలుగు తప్ప మరోటి వినని రైతుబిడ్డ రెంటికీ దూరమే. అయితే సూర్యాపేట, కోదాడల నడుమనున్న మునగాల పరగణా నిజాం రాజ్యంలో ద్వీపంలా ఉండేది. చుట్టూ నైజాం, అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా భాగం. 1959లో గానీ నల్గొండ జిల్లాలో కలవలేదు. మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనకు, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి అండగా నిలిచారు. కళాశాల చదువు అందని తెలుగువాడికి శాస్త్రం, చరిత్ర తెలుగులో దొరికింది ఆ మండలి ప్రచురించిన పుస్తకాలతోనే.

పట్నంలో చదువు దొరికినా ఉండే చోటు, తినే తిండి దొరకాలి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఆసరా అయింది. సూర్యాపేటలో 1940ల్లో బొమ్మగాని ధర్మభిక్షం విద్యార్థుల కోసం వసతి గృహం నడిపారు. 1952లో ఆయన సూర్యాపేట నుంచే శాసనసభకు వెళ్లారు. ఆ హాస్టళ్లు అన్నం పెట్టడంతో ఆగలేదు. అక్కడ పత్రికలు చదివారు, వాదించుకున్నారు, ఉద్యమాల్లోకి నడిచారు. ఈ ప్రాంతపు చదువుల చరిత్రలో హాస్టల్‌కు బడితో సమానమైన చోటుంది.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మళ్లయ్యాయి, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. రెండు పంటలు పండే ఇంటికి పిల్లల్ని దూరంగా పెట్టి చదివించే స్తోమత వచ్చింది.

ఆ స్తోమత లేని ఇళ్లకు దారి చూపింది సర్వేల్. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబర్ 23న ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఆ పల్లెలో గురుకుల పాఠశాల మొదలైంది. పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుని, ఉచితంగా ఉంచి చదివించారు. డబ్బుతో కాక తెలివితో ఎంపిక జరిగే చోటు పేదవాడికి దొరకడం చిన్న మార్పు కాదు. డీజీపీగా పనిచేసిన ఎం. మహేందర్ రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం అక్కడే చదివారు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత అదే జిల్లాలోని చలకుర్తిలో నవోదయ విద్యాలయం వచ్చింది. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష, గ్రామీణ పిల్లలకు కనీసం 75 శాతం సీట్లు దాని పద్ధతి.

1983లో ప్రవేశాలను క్రమబద్ధం చేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం వచ్చింది. వృత్తివిద్య సీట్లకు ఎంసెట్ ర్యాంకే కొలమానమైంది. ర్యాంకు కావాలంటే కోచింగ్ కావాలి. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణకు పేరు పడ్డారు. ఆయన దగ్గర చేరడానికే ఒక పరీక్ష, దానికి తర్ఫీదిచ్చే సెంటర్లు మళ్లీ వేరే. విజయవాడలో 1986లో శ్రీచైతన్య మొదలైంది. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ రహదారి మీది ఊళ్లు. కోదాడ దాటితే అప్పట్లో కృష్ణా జిల్లానే కాబట్టి అక్కడివాళ్లకు విజయవాడే దగ్గర. మిర్యాలగూడకు రైలు మీద గుంటూరు అందేది. పదో తరగతి కాగానే ట్రంకు పెట్టె, పరుపుచుట్టతో బయల్దేరడం ఆనవాయితీ అయింది. తెల్లవారుజాము స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, నోటీసు బోర్డు మీద మార్కుల వరుస. ఆ ఒత్తిడికి కొన్ని కుటుంబాలు బిడ్డల్నే పోగొట్టుకున్నాయి. ఆ ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీ వేయాల్సివచ్చింది.

సరిహద్దు దాటేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవెంకటేశ్వర ప్రాంతాలుగా విభజించి 85 శాతం సీట్లు స్థానికులకిచ్చింది. అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం చదివిన చోటు. కోదాడలో పదో తరగతి ముగించి రెండేళ్ల ఇంటర్ విజయవాడలో చదివిన పిల్లవాడు ఉస్మానియా స్థానికుడిగానే ఉండేవాడు. తొమ్మిదో తరగతికే పంపితే ఆంధ్ర స్థానికుడయ్యేవాడు. ర్యాంకు ఎంత మంచిదైనా పోటీ పడే సీట్లు ఏవో తేల్చేది ఆ సర్టిఫికెట్లే. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒక్కో ఏటి బోనఫైడ్‌నూ తల్లిదండ్రులు పొలం కాగితాలతో పాటు దాచేవారు.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ) ఊరి బడి వదిలి వెళ్లే ఈ ధోరణికి ఎదురు నడిచింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో పదో తరగతి ఫలితాల మీదే ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నారు. ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 గ్రేడు పాయింట్లు కలిపారు. ఊరి బడిలోనే ఉండిపోవడం దరఖాస్తుకు బలమైన అరుదైన సందర్భమిది. గ్రామీణ విద్యార్థికి ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఈ ప్రాంతం చూడలేదు.

2017 నుంచి తెలంగాణలో వైద్య సీట్లు నీట్ ర్యాంకుతోనే నిండుతున్నాయి. సూర్యాపేటలోనే 2019లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇంటర్ మార్కులకు ఎంసెట్‌లో ఉన్న 25 శాతం వెయిటేజీ 2023లో పోయింది, మరుసటి ఏడు పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది. ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌లో ముగిశాక, తెలంగాణ ప్రభుత్వం జూలైలో 33వ నంబరు జీవో తెచ్చింది. వైద్య సీట్లకు స్థానికుడు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలంది. హైకోర్టులో వివాదం నడిచాక 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. విధుల మీద బయట ఉన్న ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి. మిగిలినవారికి పాత ఏడేళ్ల లెక్క లేదు. కోదాడ బైపీసీ విద్యార్థి విజయవాడలో చదివే రెండేళ్లు ఇప్పుడు అతని స్థానికతనే తీసేస్తాయి.