అవతలి ఎండ్‌లో వెంకటపతి రాజు



పోయిన ఆదివారం మన సంఘం పిల్లల క్రికెట్ అయ్యాక బహుమతుల దగ్గర చిన్న తగువు వచ్చింది. నాలుగు వికెట్లు తీసిన పిల్లోడికి కప్పు ఇచ్చేశాం. అవతలి వైపు నుంచి పరుగు రానీకుండా వేసిన ఎడంచేతి పిల్లోడికి ఏమీ లేదు. వాడి తాతగారు ఊరుకోలేదు: "వీడు కట్టేస్తేనే కదయ్యా వాడికి వికెట్లు పడినాయి!" జవాబు తోచక మేము కాఫీ వైపు తిరిగాం. ఇంటికొచ్చాక మాకు వెంకటపతి రాజు గుర్తొచ్చాడు.

పొల్లాచ్చిలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు, 90ల్లో టీవీలో ఆ పేరు కనిపిస్తే 'మనోడు' అనిపించేది. ఆయన పుట్టింది 1969 జూలై 9న, గోదావరి పక్క ఆలమూరులో. ఆడింది హైదరాబాద్ తరఫున. బ్యాటు కుడిచేత్తో, బంతి ఎడంచేత్తో. బక్కపలచని మనిషి, అందుకే జట్టులో ఎగతాళిగా 'మజిల్స్' అనేవారు.

మొదటి టెస్టు 1990 ఫిబ్రవరిలో, న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. నైట్‌వాచ్‌మన్‌గా పంపితే 31 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు చివరిదాకా అదే. ఆ మ్యాచ్ ఎవరికైనా గుర్తుందంటే రిచర్డ్ హ్యాడ్లీ 400వ వికెట్ తీసినందుకు.

అదే ఏడాది నవంబర్‌లో చండీగఢ్‌లో శ్రీలంక మీద మాత్రం మ్యాచ్ పూర్తిగా రాజుదే. 17.5 ఓవర్లు, 13 మెయిడెన్లు, 12 పరుగులు, 6 వికెట్లు. ఇంకోసారి చదవండి. పద్దెనిమిది ఓవర్లకు పన్నెండు పరుగులు! శ్రీలంక 82కి ఆలౌట్. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు తీశాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా ఆయనే.

1993లో ఇంగ్లండ్ వచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయి మూడుచోట్లా ఓడింది. మనకు గుర్తున్నది కుంబ్లే 21 వికెట్లు. అవతల రాజు 16 తీశాడు. కుంబ్లే బంతి గబుక్కున వచ్చి ప్యాడ్లకు తగులుతుంది, రాజుది గాల్లో తేలుతూ వచ్చి బయటికి తిరుగుతుంది. ఒకరి వేగానికి అలవాటు పడేలోగా రెండోవాడు బంతి అందుకుంటాడు. ఇందులో ఎవరి వికెట్టు ఎవరి వల్ల పడిందో విడదీసి చెప్పడం మా వల్ల కాదు.

1994 ఫిబ్రవరి, అహ్మదాబాద్. కపిల్ దేవ్ 432వ వికెట్ తీసి హ్యాడ్లీ రికార్డు దాటాడు. ఆట ఆపి బెలూన్లు ఎగరేశారు. ఆ టెస్టులో రాజు తీసినవి 11 వికెట్లు. క్రైస్ట్‌చర్చ్‌లో ఆ లెక్క 400కి చేరినప్పుడూ, ఇక్కడ అది చెరిగిపోయినప్పుడూ మైదానంలో ఉన్నాడు పాపం! ఆ ఏడాది చివర్లో వెస్టిండీస్ మీద మూడు టెస్టుల్లో 20 తీశాడు. తర్వాత ఏళ్లలో జట్టులోకి వస్తూ పోతూ ఉన్నాడు.

అమెరికా నుంచి సెలవుకొచ్చిన మనవాళ్ల అబ్బాయికి ఇదంతా చెబితే, బేస్‌బాల్‌లో దీనికి పేరే ఉంది అన్నాడు. మొదలుపెట్టిన పిచర్ అలసిపోతే దిగేవాడు రిలీఫ్ పిచర్. ఆధిక్యం చెడకుండా తర్వాతి వాడికి అప్పగిస్తే 'హోల్డ్' అని వాడి ఖాతాలో రాస్తారట. మెక్సికోలోని కులియకాన్‌లో పుట్టిన ఒలివర్ పెరెస్ అనే ఎడంచేతి వాడు 2004లో 239 మందిని స్ట్రైక్ అవుట్ చేసిన మొదటి వరస పిచర్. తర్వాత తడబడి, 2012 నుంచి రిలీఫ్‌కు మారి, 2022 దాకా అక్కడి పెద్ద లీగులోనే నిలిచాడు. ఎడంచేతి బ్యాటర్ వస్తే చాలు, ఒక్కడి కోసం ఇలాంటివాళ్లను దింపేవారు. 2020 నుంచి కనీసం ముగ్గురికి వేయాలని రూలు పెట్టారు. మన స్కోరు పుస్తకంలో హోల్డ్ గడి లేదు.

రాజు ఆఖరి టెస్టు 2001 మార్చి, కోల్‌కతా. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, హర్భజన్ 13 వికెట్లు, మనందరికీ కంఠతా వచ్చు. చివరి రోజు ఆస్ట్రేలియా డ్రా కోసం కాచుకుని ఉన్నప్పుడు మార్క్ వాను సున్నాకి ఎల్‌బీడబ్ల్యూ చేసింది రాజు. 28 టెస్టుల్లో 93వ వికెట్, అదే ఆఖరిది. ఆ స్కోర్‌కార్డులో ఆ వరస మీద ఆగినవాళ్లు మనలో ఎంతమంది?

ఆదివారం స్కోరు పుస్తకం మా దగ్గరే ఉంది. ఆ ఎడంచేతి పిల్లోడిది నాలుగు ఓవర్లు, ఆరు పరుగులు, వికెట్ లేదు. వచ్చే కూటానికి ఆ పుస్తకం, ఇంకో కప్పు తెస్తాం. తాతగారు వాణ్ణి వెంటబెట్టుకుని రావాలి.