రూపాయికెన్ని కుంచములు?

కొత్తవలస రైలుస్టేషనులో వేకువజామున నిలుచుండి చూచినవారికి ఈ ప్రసంగవిషయము వేరుగా చెప్పనక్కరలేదు. విశాఖపట్టణము పోవు బండికై తోటకూర, బచ్చలికూర, వంకాయలు, బెండకాయలు నిండిన గంపలతో ఆడవాండ్రు కాచుకొని యుందురు. సాయంకాలము ఆ గంపలే తిరిగి దిగును. వట్టి గంపలవలె కనబడునుగాని, అడుగున ఒక నూనెపొట్లమో, కిలో కందిపప్పో, రెండు ఉల్లిపాయలో ఉండకపోవు. ఉదయము అమ్మినది పల్లెవారు కుదుర్చుకొన్న ధరకు. సాయంకాలము కొన్నది బస్తీవాడు చెప్పిన ధరకు.

బస్తీలో తినుబండారముల ధరలు మండిపోవుచున్నవని వార్తాపత్రికలలో తరచుగా చదువుచున్నాము. ఆ మాట అసత్యము కాదు. అద్దెయిల్లు, పిల్లల చదువు, వైద్యము వీనికి తోడు కూరగాయలును, పప్పును, నూనెయు ప్రియమైనచో నెలజీతగాని గతి యేమగునో అందరెరుగుదురు. అయితే ఆ ధర బస్తీ అంగడిలో కంటె, పొలమునకును అంగడికిని నడుమనున్న త్రోవలో ఎక్కువగా పుట్టుచున్నదని నా అభిప్రాయము. ఆ త్రోవ యెట్లు ఏర్పడెనో, ఎవరెవరిచేతులు మారెనో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను.

మన పెద్దలు ధర చెప్పిన తీరే వేరు. బియ్యము బస్తా ఇంత, కిలో ఇంత అని వారనలేదు. రూపాయికి ఇన్ని కుంచములనిరి. కుంచమునకు రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. దొరతనమువారి లెక్కలలోకూడ చిరకాలము రూపాయికి ఇన్ని శేర్లు అనియే వ్రాసిరి. కరవు వచ్చినదనగా రూపాయికి వచ్చు కొలత తగ్గినదని యర్థము. కొనువాని కడుపునకు ఎంత చేరునో ఆ లెక్క చెప్పెడిది. ఇప్పటి లెక్క కొనువాని చేతినుండి ఎంత పోవునో చెప్పుచున్నది. 1958 మొదలు 1962 లోపల మెట్రిక్ తూకములు అమలులోనికి వచ్చిన పిమ్మట కుంచము పెరటిలోనికి పోయినది. అయినను ఆ కాలపు చౌకను తలచుకొని నిట్టూర్చునప్పుడు ఒకటి మరువరాదు. రూపాయికి కుంచములు మెండుగానే వచ్చెను. ఆ రూపాయి మాత్రము కూలివాని చేతికి వచ్చుట దుర్లభము.

రైలు రాకపూర్వము ఈ సీమలో ధర ఊరికొక్కటి. సముద్రతీరపు ఉప్పును లంబాడీలు ఎద్దులమీద పెరికలుగా వేసికొని కనుమలెక్కి జయపురము, బస్తరు సీమలకు పోయి, అచ్చటి ధాన్యమును దింపుకొని వచ్చుచుండిరి. భీమునిపట్టణపు రేవునుండి నువ్వులు, బెల్లము, గోగునార ఓడలెక్కెను. బండి పోలేని ఊరిలో పంట పండినయేడు ధాన్యము అడుగువాడు లేడు. పండనియేడు పది ఆమడల దూరమున గాదెలు నిండియున్నను గింజ చేరదు. 1866లో ఒరిస్సా కరవు మన పొరుగుననే యున్న గంజాము జిల్లానుకూడ పట్టుకొనెను. నేటి శ్రీకాకుళము నాడు ఆ జిల్లాలోనిదే. ఒరిస్సాలో దాదాపు పది లక్షలమంది మరణించిరి. వర్తకమున చేయి పెట్టరాదను సిద్ధాంతము పట్టుకొని అధికారులు మొదట ఊరకుండిరి. తీరా బియ్యము తెప్పించునప్పటికి వర్షాకాలము వచ్చి ఓడ ఒడ్డునకు చేరదు, బండి బురద దాటదు. ధర ఎంత పలికినను కొనుటకు సరకే లేని స్థితి అది. ధరలు పెరిగినవని నేడు మనము దుఃఖించునపుడు, ధరయే చెప్పువాడు లేని కాలమొకటి యుండెనని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1893 మొదలు 1896 వరకు కటకమునుండి బెజవాడవరకు తూర్పుతీరపు రైలుమార్గమును వేసిరి. మన ఊరి ప్రక్కనుండి పోవునది అదియే. రైలు వచ్చిన వెంటనే 1896-97లో గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో కాటకము తోచెను. 1866నాటివలె త్రోవలు మూతపడలేదు. బయటి బియ్యము వచ్చుటకు దారి కలిగినది. ఇది రైలుచేసిన మేలు. అయితే బియ్యమును తెచ్చిన బండి బియ్యమును తీసికొనియు పోగలదు. ఎచ్చట ధర హెచ్చుగా నున్నదో అచ్చటికి సరకు పోవుట మొదలిడెను. క్రమముగా ఊరిధరయు, పట్టణపుధరయు దగ్గరపడినవి. పల్లెలో పండినది పల్లెలోనే చౌకగా దొరకునను పాతనమ్మకము అప్పుడే సడలినది.

ఇంకొక మార్పు మెల్లగా వచ్చినది. మన జిల్లాలలో సామాన్యుని తిండి చోడి అంబలి, గంటి సంకటి, కొర్రలు, సామలు. వరియన్నము పండుగకును, పెండ్లికిని. రైలును, ఓడయు తెచ్చిన బర్మాబియ్యము అలవాటైనకొలది చోళ్ళు పేదవాని తిండియని చులకనైనవి. నేడు ఆ చోళ్ళనే బస్తీ అంగళ్ళలో పొట్లములుగా కట్టి బియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముచున్నారు! మన తాతలు వినినచో నవ్వెదరు.

బర్మా మాట వచ్చినది గనుక కొంచెము నిలువవలెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది కూలివారు పొగయోడలెక్కి రంగూనుపోయి రేవులలోను, బియ్యపుమరలలోను పనిచేసిరి. అచ్చటివారు వీరిని కోరంగీలనిరి. మనవారు దంచి పట్టిన బియ్యమే ఓడలలో మన రేవులకు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఏటేట పది లక్షల టన్నులకు పైగా బర్మాబియ్యము హిందూదేశమునకు దిగుచుండెను. 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమైనది. ఆ బియ్యము ఒక్కసారిగా ఆగిపోయెను. బ్రతికినవారు కొండలును అడవులును నడిచి ఇండ్లకు చేరిరి. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదనే బాంబులు పడినవి. జనులు పట్టణము విడిచి పల్లెలకు పరుగెత్తిరి.

అంతకుమునుపు 1918లోనే చెన్నరాజధాని అంతటను ధాన్యపు దోపిడులు జరిగెను. మొదటియుద్ధమువలన ఓడలు చాలక, రైలుపెట్టెలు దొరకక, పైగా వానలు తప్పి, బియ్యము, ఉప్పు, కిరసనాయిలు, బట్ట అన్నియు ఒక్కమారు ప్రియమైనవి. జనులు అంగళ్ళమీద పడిరి. నూరుకు పైగా చోట్ల ఇట్టి అలజడులు కలిగినవి. ఆ పాఠమును దొరతనమువారు మరువలేదు. కనుక 1942లో ఆహారధాన్యములమీద అదుపు పెట్టి, 1943లో మదరాసు నగరమున రేషను ప్రారంభించి, క్రమముగా ఇతర పట్టణములకును వ్యాపింపజేసిరి. పర్మిటు లేక ధాన్యము ఎల్లదాటరాదు. రైతు తన గింజను తన యిష్టమువచ్చినచోట అమ్మరాదు. బస్తీవానికి కార్డుమీద కొంత బియ్యము దొరకెను; మిగిలినదానికి చీకటిబజారు. పల్లెవానికి కార్డుండుటయు తక్కువే, చీకటిబజారుకు పోవు సొమ్మును తక్కువే. 1947 డిసెంబరున, గాంధిగారి ఒత్తిడిమీద, అదుపులు సడలించిరి. ధరలెగసినవి. 1948లో మరల బిగించిరి. 1952 జూనులో రాజగోపాలాచారిగారు చెన్నరాష్ట్రమున రేషనును తీసివేయువరకు ఈ దాగుడుమూతలు సాగెను.

ఈ నడుమ బస్తీ పెరిగినది. 1901 జనాభాలెక్కలలో విశాఖపట్టణమున సుమారు 40 వేలమంది; 2011 లెక్కలలో 17 లక్షలకు పైగా. 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన ఓడల కర్మాగారము, 1957లో నూనెశుద్ధి కర్మాగారము, తరువాత ఉక్కుకర్మాగారము ఒక్కటొక్కటిగా కూలివారిని, ఉద్యోగులను రప్పించినవి. కొత్తవలసయు జంక్షను అయినది: 1960 తరువాతి దశకమున ఇచ్చటనుండి కిరండూలువరకు కొండలు తొలిచి మార్గము వేసి, ఇనుపరాతిని జపానుకు పంపనారంభించిరి. నిన్న బాంబులు వేసినవారే నేడు బేరగాండ్రు! ఇంతమందికి ఏ దినమున కా దినము కూర, పాలు కావలెను. మొదట చుట్టుపట్ల పల్లెలు చాలెను. తరువాత చాలలేదు. బియ్యముమాట వేరు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. నడుమ ధర హెచ్చినను 2008లో మరల రెండు రూపాయలు, 2011లో రూపాయి, 2023 జనవరినుండి ఆహారభద్రతా చట్టముక్రింది కార్డుదారులకు ఉచితము. ఆకలిచావులకు అడ్డుకట్ట వేసినది ఇదియే. దీనిని పరిహసించువారు 1866 సంగతి చదువలేదు.

బియ్యము గట్టెక్కినది గనుక ఇప్పటి బాధ అన్నములోనికి కలుపుకొనుదానిది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలవరకు పోయెను. 2019 డిసెంబరున ఉల్లిపాయలు నూరు దాటెను. ప్రభుత్వమువారు రైతుబజారులలో 25 రూపాయలకు అమ్మించగా గంటలకొలది వరుసలు నిలిచెను. 2022లో ఉక్రెయినుమీద యుద్ధము వచ్చి పొద్దుతిరుగుడునూనె ఆగినది; అదే వేసవిలో ఇండోనేషియావారు కొన్ని వారములు పామాయిలు ఎగుమతి నిషేధించిరి. కొత్తవలస కిరాణాకొట్టులో నూనె లీటరు దాదాపు 200 పలికెను. నల్లసముద్రమెచ్చట, మన పోపుగరిటె యెచ్చట! మన గారెల మినుములలో కొంత నేటికిని బర్మానుండియే వచ్చుచున్నవి. 1942లో తెగిన త్రోవ మరియొక రూపమున మరల కలిసినది.

టమాట సంగతి యిందరికిని తెలిసినదే. 2023 జూలైలో మదనపల్లె మార్కెటులోనే కిలో 150 దాటెను. విశాఖపట్టణపు పులుసులోనికి టమాట అచ్చటినుండి ఏడువందల కిలోమీటర్లకు పైగా లారీలో రావలెను. అదే కాయను మరియొక నెలలో కోతకూలియు రాదని రైతులు రోడ్డుమీద పారబోయుట మనము చూచియున్నాము. ధర ఎగసినపుడు రైతు బాగుపడెనా? కొందరు పడిరి, ఆ వారమున కాయ చేతిలో నున్నవారు. 2024లో రిజర్వుబ్యాంకువారు ప్రకటించిన ఒక పరిశోధన ననుసరించి, కొనువాడు టమాటకిచ్చు రూపాయిలో రైతుకు చేరునది సుమారు 33 పైసలు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. మిగిలినది దళారి కమీషను, తూకములో తరుగు, ఎగుమతి దిగుమతి కూలి, ఆశీలు, లారీబాడుగ, చిల్లరవర్తకుని లాభము, కుళ్ళిపోయిన కాయ. ఇందులో అందరును దొంగలు కారు. కుళ్ళిన కాయ ఖరీదు ఎవరో ఒకరు భరింపవలెను గదా. కాని తరుగుపేరిట పదికిలోలకు ఒకకిలో తీసివేయువాడు కుళ్ళని దినమున తిరిగి యిచ్చుట ఎవరును చూచియుండరు.

ఈ త్రోవను కుదించుటకు జరిగిన ప్రయత్నములలో 1999 జనవరి 26న మొదలైన రైతుబజారు గొప్పది. గుర్తింపుకార్డుగల రైతు నేరుగా కూర్చుండి అమ్మును. ఉదయముననే పలకమీద ధర వ్రాయుదురు. టోకుధరకంటె కొంచెము హెచ్చు, వీధిధరకంటె తక్కువ. సీతమ్మధార, కంచరపాలెము, గోపాలపట్టణము మొదలైనచోట్ల ఇవి బస్తీ గృహిణికి నిజముగా ఊపిరి పోసినవి. నాకు తోచిన చిక్కు ఒక్కటే. దినమెల్ల బజారులో కూర్చున్న రైతు మడికి నీరెవడు పెట్టును? రెండు చేతులున్న ఇంటికే అది సాధ్యము. ఒంటరి రైతు మరల దళారిని వెదకుకొనును.

ఇప్పుడు త్రోవ మరింత సాగుచున్నది. 1978లో ఏర్పడిన విశాఖ నగరాభివృద్ధిసంస్థ పరిధిలో విజయనగరమువరకు చేరినది. కొత్తవలస చుట్టుపట్ల రోడ్డుప్రక్క పొలములలో హద్దురాళ్ళు పాతియుండుట మీరు చూచుచునేయున్నారు. ఎకరము వంకాయతోట యిచ్చు ఆదాయమునకును, దానిని ఇండ్లస్థలములుగా అమ్మిన వచ్చు మూల్యమునకును పోలికయే లేదు. అమ్మినవానిని నేను తప్పుపట్టజాలను. ఆడపిల్ల పెండ్లి, కొడుకు చదువు ఆ హద్దురాళ్ళలోనే యున్నవి. అయితే అమ్మినవాడు మరునాటినుండి కూర కొనువాడగును. నిన్న గంపలో పంపినదానిని నేడు ఆటోలో వచ్చినవానియొద్ద బస్తీధరకు తీసికొనును.

ఆకుకూర ఒక్కటి మిగిలినది. టమాట, ఉల్లి, బంగాళాదుంప రాత్రింబవళ్ళు లారీలో ప్రయాణము చేయగలవు. తోటకూర చేయలేదు, కోసిన పూటకే వాడిపోవును. అది సమీపపు మడినుండియే రావలెను. కనుకనే వేకువబండికి గంపలు ఇంకను వచ్చుచున్నవి. ఆ కట్టకు ఇప్పుడేమి ధర యిచ్చుచున్నారో, బస్తీలో ఎంతకు అమ్ముడుపోవుచున్నదో, రేపు ఆ గంప దించుకొను మనిషిని మీరే యడిగి తెలిసికొనవచ్చును. ఆమె వ్రాతలెక్క లేకయే పైసలతో సహా చెప్పును.