కిరాయి వాకిండ్ల ముచ్చట

ఇంకిన్ని పుల్లలు ఎగెయ్యి కొడుకా, సలి గట్టిగున్నది. అందరు దగ్గరికి జరుగుండ్రి. ఫ్లాటు ఇరుకు, గల్లీ ఇరుకు అని పొద్దుటి సంది అంటుండ్రు గదా, మేం బతికిన కిరాయి ఇండ్ల ముచ్చట చెప్త ఇనుండ్రి.

మీ తాత కోర్టుల గుమాస్తా. బదిలీల నౌకరి. కొన్నేండ్లు పాలమూరు, కొన్నేండ్లు నల్లగొండ, మళ్ల పాలమూరు. రెండూర్లల్ల గడియారం చౌరస్తా ఉంది, దాని సుట్టు బజారుంది. ఆ బజారెనుక గల్లీలల్లనే మా అసువంటోళ్ల కాపురాలు. నల్లగొండల మేం రామగిరి దిక్కు ఉన్నం. 1956ల నాగార్జున కాలేజీ పడ్డంక ఆ దిక్కంత కిరాయిదార్లే అని పెద్దోళ్లు చెప్తుండిరి. దేవరకొండ, మునుగోడు దిక్కు పల్లెల కెల్లి సదువుకునే పిలగాండ్లొచ్చి ఒక్క అర్రల నలుగురైదుగురు ఉంటుండిరి. బియ్యం, పప్పు, తొక్కు అన్నీ ఊరి నుంచే. పంతుళ్లు, కచ్చేరి గుమాస్తాలు, వకీళ్ల కాడ రాసేటోళ్లు, బస్సు కండక్టర్లు, అందరం గక్కడ్నే. 1969ల తెలంగాణ లొల్లి లేస్తే కాలేజీలు బందైనయి. పిలగాండ్లు ఊర్లకు పోయిండ్రు. అర్రలు ఖాళీ, ఇంటోళ్లకు కిరాయి లేదు.

ఇల్లంటే ముందట పెద్ద దర్వాజ, లోపట వాకిలి, వాకిలి సుట్టు అర్రలు. ఎనుకట ఒక్కటే కుటుంబం ఉన్న ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నంక అర్రకొక పొయ్యి పెట్టి కిరాయికిచ్చిండ్రు. డంగుసున్నం గోడలు, కింద బండలు. మాకు రెండర్రలు. ముందటి దాంట్ల పడక, ఎనుక దాంట్ల వంట. పక్కర్రల ముసలాయన దగ్గితే మా సంటిపిల్ల లేస్తుండె. పొట్టు పొయ్యి మీద వంట చేస్తుంటి. మీరు సూడలే గదా అది? కట్టె కోత మిషిని కాడికెల్లి రంపపు పొట్టు తెచ్చి, పొయ్యి నడుమ సీసా నిలవెట్టి, సుట్టు పొట్టు గట్టిగ కూరాలె. మెల్లగ సీసా గుంజితే నడుమ బొక్క వడతది. కింద ఒక్క పుల్ల అంటిస్తే అన్నం, కూర, పిల్లలకు ఉడుకు నీళ్లు, అన్నీ అయితుండె. పొట్టు సరిగ్గ కూరకపోతే నడుమల కూలి ఇల్లంత పొగ.

నీళ్ల సంగతి చెప్పకుంటే కిరాయి ముచ్చటే గాదు. పాలమూర్ల నల్లా ఎన్నడొస్తదో ఎవలకు తెల్వకపోతుండె. నడిరాత్రి గురగుర సప్పుడైతే వాకిలంత లేసేది. ఎవల బిందె ముందట, ఎవల బిందె ఎనుక అని కొట్లాట. 1972 కరువుల బావులు సుత ఎండినయి. నల్లగొండల నీళ్లకు అంత కరువు లేకుండె గాని, ఆ నీళ్లే పానం తీసినయి. అది ఫ్లోరైడు నీళ్లు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు డాక్టర్లు. మర్రిగూడ, మునుగోడు దిక్కు పిల్లల పండ్లు పసుపు గార పట్టి ఉంటుండె. కోర్టుకొచ్చే పెద్దమనుషులల్ల నడుము తిరగనోళ్లు, కాళ్లు వంకర పోయినోళ్లు ఎంతమందో. తర్వాతెప్పుడో కృష్ణ నీళ్లు పానగల్లు ఉదయసముద్రంలకు వచ్చినంకనే ఊరికి మంచినీళ్లయినయి. అప్పటిదాంక తియ్యటి నీళ్ల బావి ఉన్న ఇల్లంటే బంగారం. అట్లాంటి ఇంట్లకే పోయినం మేం.

మేం మాదిగోళ్లం. అప్పుడు ఇల్లడగబోతే కిరాయి మాట తర్వాత, ముందుగాల "మీరెవరోళ్లు?" అనే అడిగేటోళ్లు. మీ తాత అబద్ధం ఆడకపోతుండె. చెప్పినంక "మా తమ్ముడొస్తండు, అర్ర ఖాళీ లేదు" అని దర్వాజ కాడ్నే మలిపేటోళ్లు. ఈ బావి ఇంటాయన మాత్రం అడగలే. కోర్టు గుమాస్తా గదా, నెల నెల కిరాయి వస్తదనుకున్నడేమో. తర్వాత మా కులం సంగతి ఎవలో ఆయన చెవుల వేసిండ్రు. ఒకనాడు పొద్దుగాల నేను బిందె పట్టుకొని పోతే గిరక మీద చాంతాడు లేదు, బొక్కెన లేదు. మిగిలినోళ్ల బిందెలన్ని అప్పటికే నిండినయి. ఇంటామె నా దిక్కు సూడకుండ తులసిగద్దె కడుగుతుంది.

మీ తాత లొల్లి పెట్టలే. 1960ల వచ్చిన కిరాయి ఇండ్ల చట్టం ఆయనకు నోటికొచ్చు. కట్టిన కిరాయికి రసీదు అడిగే హక్కున్నది, కిరాయిదారుకు నడుస్తున్న నీళ్లు, కరెంటు ఇంటాయన ఊకె ఆపరాదు. రసీదులన్ని వరుసగ పెట్టి, ఆ చట్టం కాయితం సుత ఇంటాయన ముందటేసిండు. తెల్లారి చాంతాడు మళ్ల గిరక మీదికొచ్చింది. మాటలైతే రాలే. మేం ఉన్నన్ని రోజులు ఆ వాకిట్ల నా పిల్లలను ఎవలు పిలవలే. చట్టం నీళ్లిప్పిచ్చింది గాని, మా గడపల కాలు పెట్టమని ఎవలికి చెప్తది?

ఇంకో మాట. ఆ ఇండ్లన్నిటికి ఎనుక గల్లీల ఒకటే పాయిఖాన. పొద్దుగాల తట్టల ఎత్తుకపోయే తల్లి ఉంటుండె. ఎండకాలం ఆమెకు గలాసెడు నీళ్లు పోసేటోళ్లు ఆ గల్లీల లేకుండె. ఆ పని బందు చెయ్యాలని చట్టమొచ్చింది 1993ల.

మళ్ల పాలమూరుకు బదిలైనప్పుడు ఒక తురకల ముసలామె ఇల్లిచ్చింది. ఎంతమంది పిల్లలని అడిగింది, నల్లా వస్తే నన్ను సుత లేపమన్నది, అంతే. బతుకమ్మ నాడు ఆమె మేకను ఎనుక గల్లీల కట్టేస్తుండె, లేకుంటే గునుగు పూలన్ని అదే మేస్తది. వాకిట్ల అందరం తంగేడు, గునుగు పేర్చి ఆడుతుంటే గద్దె మీద కూసొని సూసేది. మలీద ముద్ద ముందుగాల ఆమెకే పెడుతుంటిమి. నాకు అమ్మగారిల్లు యాదికొచ్చిన కిరాయి ఇల్లు అదొక్కటే.

ఇప్పుడు ఆ వాకిండ్లు లేవు. రామగిరిల అదే జాగల అపార్టుమెంట్లు లేసినయి. అయినా అడుగుడు పోలే. ఎవరోళ్లని అడగరు, వెజ్జా నాన్‌వెజ్జా అంటరు. ఇంటి పేరేందంటరు.

కొడుకా, నువ్వు ఎల్‌బీ నగర్ల కొన్న ఫ్లాటు కిరాయికిస్తనంటున్నవు. ఎవరోళ్లకు ఇస్తవని బ్రోకరు అడిగిండని నువ్వే చెప్పినవు. ఆయనకు ఫోన్ చేసి, ఎవరొచ్చినా ఇస్తనని చెప్పు. ఎంతమంది ఉంటరో అడుగు, కిరాయి ఎంతో చెప్పు, నీళ్లు ఎప్పుడొస్తయో చెప్పు. తీసుకున్న పైసలకు నెల నెల రసీదియ్యి.