వంటయింటి పొగయు గుండె ఆరోగ్యమును

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన సామెత గృహస్థుని ప్రయాసలను రెండు ముక్కలలో తెలుపుచున్నది. ఇల్లు కట్టుట కష్టమే. కట్టిన యింటిని కాలానుగుణముగా మార్చుకొనుట అంతకన్న కష్టము. పండుగకు గోడలకు సున్నము వేయుటయు, ముందరి వసారాకు క్రొత్త కప్పు వేయించుటయు అందరును చేయుదురు. వంటయింటి జోలికి పోవువారు మాత్రము అరుదు. వచ్చిన చుట్టము కంటికి వసారా కనబడును గాని వంటయిల్లు కనబడదు. అందుచే ఇంటి మరమ్మతులలో వంటయింటి వంతు చిట్టచివర వచ్చుచుండును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. ఈ ఆలస్యమునకు ఇల్లాలి గుండె మూల్యము చెల్లించుచున్నదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఈ సత్యము తెలిసిన క్రమమును, హైదరాబాదునకు తూర్పువైపున జరిగిన పరిశోధనలను ఆధారము చేసికొని, పాఠకులకు మనవి చేయదలచితిమి.

తార్నాక నుండి ఉప్పల్ దారి పట్టి తూర్పునకు సాగినచో మన దేశమునకు పేరు తెచ్చిన విజ్ఞాన సంస్థలు వరుసగా కనబడును. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. కొంత దూరము పోగా భూభౌతిక పరిశోధన సంస్థయు, జీవకణ, అణుజీవశాస్త్ర కేంద్రమును కలవు. ఒక ప్రక్క నాచారము కర్మాగారములు. ఉప్పల్ దాటి ఓరుగల్లు మార్గమున పోయినచో ఘట్‌కేసర్ వచ్చును. సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు ఇనుపదారి 19వ శతాబ్ది తుదిపాదమున పడినది మొదలు ఘట్‌కేసర్ ఆ దారిలో ఒక మజిలీ. ఒకప్పుడు పొలములు, చెరువులు, పెంకుటిండ్లు ఉన్న ఈ ప్రాంతమున నేడు బహుళ అంతస్తుల భవనములు లేచినవి. పాత యిల్లు పడగొట్టి క్రొత్తది కట్టువారును, ఉన్న యింటికే మరియొక గది చేర్చువారును ఇచట అడుగడుగునకు కనబడుదురు. కావున ఇంటి మార్పును గూర్చిన ప్రశ్న ఇచటి వారికి పుస్తకములలోని ప్రశ్న కాదు.

ఆరోగ్యము కొరకు ఇంటిని మార్చవలెనను తలంపు మన నగరమునకు క్రొత్త కాదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచెను. 1911లో మహామారి ప్లేగు ప్రబలెను. ఈ రెండు ఉపద్రవముల అనంతరము 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇరుకైన వాడలను తొలగించి, గాలియు వెలుతురును సోకునట్లు ఇండ్లు కట్టించు పనికి పూనుకొనెను. ఆనాటి శత్రువు ఎలుక, ఈగ, మురుగునీరు. పొయ్యి నుండి లేచు పొగను శత్రువుగా నెవరును భావింపలేదు. పొగ దోమలను తరుమును, ఇంటికప్పులోని పురుగులను చంపును అని దానికి కొంత మర్యాద కూడ నుండెను.

ఈ పొగకు ఎదురు నిలిచిన తొలివారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజు గారొకరు. ఆయన మట్టితోనే కట్టుకొనదగిన ఒక పొయ్యిని రూపొందించిరి. ఒకే మంటపై ఒకటికి మించిన పాత్రలు పెట్టుకొనుటకు దానికి పలు కన్నులు. పొగ కప్పు మీదికి పోవుటకు ఒక గొట్టము. గాలిని అదుపులో నుంచుటకు ఒక పలక. పరిశోధనాలయము పేరులోని తొలి అక్షరములతో అది 'హెర్ల్ చులా' యని ప్రసిద్ధి గాంచెను. కోట్లాది గృహములకు పొగలేని వంటయిండ్లు కావలెనను ఆశయముతో ఆయన వ్రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అను ఆంగ్ల గ్రంథము 1953లో మద్రాసున వెలువడెను. అంతకు కొలది యేండ్ల ముందు గ్రామపరిశ్రమల వారు ప్రచారము చేసిన 'మగన్ చులా' కూడ నుండెను. లోకమున ఇతర దేశములలో మెరుగైన పొయ్యిలను గూర్చిన యోచన బలపడుటకు చాల కాలము ముందే మన హైదరాబాదున ఈ పని జరిగినదని మనము గర్వింపవచ్చును.

అయినను ఆ పొయ్యి కోట్లాది యిండ్లకు చేరలేదు. 1983లో కేంద్ర ప్రభుత్వము జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమమును ఆరంభించెను. 2002లో అది ముగియునప్పటికి సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టబడినవి. సంఖ్య ఘనమైనదే. కాని కట్టిన పొయ్యిలు ఎన్ని యని లెక్కించినంత శ్రద్ధతో, వెలుగుచున్న పొయ్యిలు ఎన్ని యని లెక్కింపలేదు. మసి పట్టిన గొట్టమును శుభ్రము చేయువారు లేరు. పగిలిన మట్టిని మెత్తువారు లేరు. కొన్ని చోట్ల పొయ్యి కన్ను ఇంటిలోని కుండకు సరిపడలేదు. వండునది ఎవరో వారిని అడుగకయే పొయ్యి కట్టినచో ఫలితమిట్లే యుండును. వంటయింటి మార్పు ఒక్కనాటి కట్టడము కాదు, నిత్యసేవ అని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

ఇక గుండెను గూర్చిన జ్ఞానము వేరొక దారిన పెరిగెను. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను చిన్న పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, యేండ్ల తరబడి వారి రక్తపుపోటును, కొవ్వును, అలవాట్లను గమనించుచు వచ్చిరి. గుండెజబ్బు విధి వ్రాసిన వ్రాత గాదనియు, దానికి ముందుగ కనబడు కారణములు కలవనియు ఆ పరిశీలన వలన తేటపడెను. పొగాకు, ఉప్పు, కొవ్వు, కదలిక లేని జీవనము లెక్కలోనికి వచ్చినవి. వంటయింటి పొగ మాత్రము అప్పటికింకను ఆ లెక్కలోనికి రాలేదు.

ఈ విషయమున మన తార్నాక సంస్థ చరిత్ర చెప్పుకొనదగినది. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యమున కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించుటకు ఒక చిన్న శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. 1987 మొదలు 1990 వరకు నగర సమీపమునగల 29 గ్రామములలో ఒక పరిశీలన జరిగెను. 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును, మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మాను ప్రతిదినము పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు ఆ పథకమింకను రాలేదు. 2003-05 మధ్య, ఆ బిడ్డలు 13 మొదలు 18 యేండ్ల వారైన తరువాత మరల పరీక్షించిరి. ఉప్మా తిన్న గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండుటయే గాక, వారి రక్తనాళములు మెత్తగను, శరీరము చక్కెరను వినియోగించు తీరు మెరుగుగను ఉండెను. 2008లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. తల్లి కడుపులో నున్నప్పటి తిండి పదునైదేండ్ల పిదప గుండెకు రక్షయగునని మన పల్లెలే లోకమునకు చాటినవి.

2009లో ఉప్పల్ దారిలోని జీవకణ, అణుజీవశాస్త్ర కేంద్రము వారు మరియొక విషయమును ప్రకటించిరి. గుండె కండరమునకు వలసిన ఒక మాంసకృత్తును తయారు చేయు జన్యువులో 25 అక్షరముల లోపము మన దేశమున 100 మందిలో సుమారు నలుగురికి కలదనియు, ముదిమిలో గుండె కండరము బలహీనమగుటతో దానికి సంబంధము కలదనియు వారు కనుగొనిరి. పుట్టుకతో వచ్చిన దానిని మనము మార్చలేము. మార్చగలిగినది మన ఇల్లు, మన పొయ్యి, మన నడవడి. అందుచే వాని విలువ మరింత హెచ్చుచున్నది.

పోషకాహార పరిశీలన జరిగిన ఆ గ్రామములలోనే అనంతరము గాలిని గూర్చిన పరిశోధన సాగెను. నగరమునకు ఆగ్నేయముగా నున్న 28 గ్రామములలో గాలిలోని సూక్ష్మధూళిని కొలిచిరి. కొందరు గ్రామస్థులు చిన్న కెమెరాలు, ధూళిమాపకములు ధరించి తమ దినచర్య సాగించిరి. స్త్రీలకు సోకు ధూళిలో కట్టెల పొయ్యి వద్ద గడపు వేళ పెద్ద భాగమని దీనివలన తేలెను. పరీక్షలకు వచ్చిన వారిలో సగముకన్న ఎక్కువ మంది ఇండ్లలో కట్టెలో, పిడకలో, అట్టి వంటచెరకో వాడుకలో నుండెను. మెడలోని ప్రధాన ధమని గోడ మందమును కొలిచి, ధూళితో పోల్చి చూచిరి. ఆ గోడ మందమగుట గుండెపోటునకును, పక్షవాతమునకును ముందు సూచన. 2020లో వెలువడిన ఫలితముల ప్రకారము, పొగ బయటికి పోవు దారి లేని పొయ్యిపై వండు స్త్రీలలో ఈ మందము విశేషముగా హెచ్చుగా కనబడెను. ఎస్. పి. రాజు గారు కోరిన పొగగొట్టమునకును గుండెకును నడుమ గల ముడి, 67 ఏండ్ల పిదప ఈ విధముగ కంటబడినది.

పొగ గుండెనెట్లు చేరును? పొగలోని అతిసూక్ష్మ రేణువులు తల వెండ్రుక మందములో ఎన్నో వంతు. అవి ముక్కును, గొంతును దాటి ఊపిరితిత్తుల అడుగునకు చేరి, అచట వాపు కలిగించును. ఆ వాపు ప్రభావము రక్తము ద్వారా దేహమంతట వ్యాపించి, నాళములు బిగిసికొనును. రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చును. బొగ్గుపులుసుకు తోబుట్టువైన కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువు స్థానము నాక్రమించుటచే గుండె అదనముగ శ్రమింపవలసి వచ్చును.

ఈ నడుమ వంటగ్యాసు పల్లెలకు వచ్చెను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 'దీపం' పథకమును, 2016లో దేశమంతట 'ఉజ్జ్వల' పథకమును ఆరంభమైనవి. 2019 నాటికి ఉజ్జ్వల క్రింద ఎనిమిది కోట్ల కుటుంబములకు గ్యాసు చేరెను. అయినను సిలిండరు నింపించుకొను ఖర్చునకు వెరచి, టీకి గ్యాసు, అన్నమునకును స్నానపు నీళ్ళకును కట్టెలు వాడు ఇండ్లు కలవు. ఆ ఇండ్లలో పొగ తగ్గునే గాని పోదు.

మరియొక చిక్కు కూడ కలదు. ఆ గ్రామముల బయటి గాలిలో సూక్ష్మధూళి ఏడాది సగటున ఘనమీటరునకు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశపు హద్దు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5. అనగా మన లెక్కకు మంచి గాలియైనది, ఆ సంస్థ లెక్కకు ఆరింతలు మించినది. చెత్త తగులబెట్టిన పొగయు, బండ్ల పొగయు, పొరుగింటి పొయ్యి పొగయు మన కిటికీలో నుండి లోనికి వచ్చును. కావున ఒక్క యిల్లు బాగుపడిన చాలదు, వాడయంతయు బాగుపడవలెను.

ఇంటి మార్పునకు పూనుకొను గృహస్థులకు మా మనవి యిది. వాస్తు ప్రకారము వంటయిల్లు ఆగ్నేయమున నుండవలెనని పట్టుదలతో చూచుకొను మనము, పొగ పోవు దారిని కూడ అంతే పట్టుదలతో చూచుకొందము. పొయ్యికి మీదుగా కప్పు దాటిన గొట్టము, గాలి ఆడుటకు ఎదురెదురుగా రెండు కిటికీలు, ఏటికి రెండు మారులు మసి దులుపుట - వీనికి వసారా సొగసునకగు ఖర్చులో కొంత చాలును. స్నానపు నీళ్ళ పొయ్యిని ఆరుబయట పెట్టుకొందము. ఇంటి పటము గీయించునప్పుడు మేస్త్రీకన్న ముందుగ వండు ఇల్లాలిని సంప్రతింతము. దీనితో పాటు రక్తపుపోటు చూపించుకొనుట, దినమునకు ఉప్పు 5 గ్రాములు మించకుండుట, పొగాకు మానుట, కొంత దూరము నడచుట గుండెకు మేలని వైద్యులందరును ఏకగ్రీవముగ చెప్పుచున్నారు. అయితే నడకయు, ఉప్పు తగ్గించుటయు ఎవరికి వారు చేసికొనదగిన పనులు. వంటయింటి మార్పు అట్లు గాదు. దాని బాధ అనుభవించువారొకరు, ధనము వెచ్చించువారు మరియొకరు. ఈ ఇరువురును ఒక మాటపై నిలిచిన యింట పొగ నిలువదు.